మాత్ర ఎవరు కొంటారు?

2023లో ప్రపంచం మొత్తం మీద 26 కోట్ల మందికి పైగా మలేరియా సోకిందనీ, దాదాపు 6 లక్షల మంది దానివల్ల చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చనిపోయినవాళ్లలో నూటికి 95 మంది ఆఫ్రికావాళ్లే. అక్కడ మలేరియాతో పోయే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఐదేళ్లు నిండని పిల్లలు. మందు లేని జబ్బయితే ఈ అంకెలు విని నిట్టూర్చి ఊరుకోవడం తప్ప గత్యంతరం ఉండేది కాదు. కానీ మందు ఉంది. జ్వరం ముదరకముందే మొదలుపెట్టి మూడు రోజులు సక్రమంగా వేసుకుంటే బిడ్డ బతుకుతుంది. ఆ మందు జబ్బున్న చోట తయారవడం లేదు. ఆఫ్రికా ఆసుపత్రుల్లో పంచే మలేరియా మాత్రల్లో అత్యధిక భాగం భారతదేశం నుంచీ చైనా నుంచీ ఓడల్లో వెళ్లినవే. అందుకే ఎన్నో ఏళ్లుగా ఒక వాదం నడుస్తోంది: పేద దేశాలు తమ మందు తామే తయారుచేసుకోవాలా, ఎక్కడ చవకైతే అక్కడ కొనుక్కోవాలా? స్వావలంబన కోరేవాళ్లు ఫ్యాక్టరీ కట్టమంటారు. పొదుపు కోరేవాళ్లు ఆ డబ్బుతో మరిన్ని మాత్రలు కొనమంటారు. ఇద్దరి చూపూ ఫ్యాక్టరీ మీదే ఉంది. నా దృష్టిలో అసలు విషయం కొనుగోలులో ఉంది. తయారైన మాత్రను ఎవరు, ఎంతకు, ఎన్నేళ్లపాటు కొంటామని ముందే మాటిచ్చారన్నదాన్ని బట్టే పేద దేశంలో మందుల ఫ్యాక్టరీ నిలబడడమో మూతపడడమో జరుగుతుంది. గత నూట పాతికేళ్ల మలేరియా చరిత్ర ఈ మాటకు సాక్ష్యం చెబుతుంది.

ముందు మాత్ర లోపల ఏముందో చూద్దాం. ఆఫ్రికాలో ఎక్కువగా వాడేది ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్. పసుపు రంగులో ఉండే ఒక్కో మాత్రలో 20 మిల్లీగ్రాముల ఆర్టెమెథర్, 120 మిల్లీగ్రాముల లూమెఫాంట్రిన్ ఉంటాయి. మొదటిది గంటల వ్యవధిలో పరాన్నజీవుల్ని పెద్దఎత్తున చంపి, త్వరగా ఒంట్లోంచి వెళ్లిపోతుంది. రెండోది రోజుల తరబడి నిలిచి, మిగిలినవాటి పని పడుతుంది. ఒక్కదాన్నే వాడితే బతికి బయటపడ్డ పరాన్నజీవులు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో జంట మందులను సిఫారసు చేసింది, 2006లో ఆర్టెమెథర్‌కు మూలమైన ఆర్టెమిసినిన్ కుటుంబపు ఒంటరి మాత్రల అమ్మకం ఆపెయ్యమని కంపెనీలను గట్టిగా కోరింది. పెద్దవాళ్లు పూటకు నాలుగు చొప్పున ఆరు పూటలు, మొత్తం 24 మాత్రలు వేసుకోవాలి. 15 కిలోల లోపు పిల్లలకు ఆరు మాత్రలు చాలు. ఇప్పుడు లెక్క వేద్దాం. పెద్దవాళ్ల కోర్సులో ఆర్టెమెథర్ 480 మిల్లీగ్రాములు. దాన్ని తయారు చెయ్యడానికి, మధ్యలో పోయేది కూడా కలుపుకుంటే, అర గ్రాముకు కాస్త ఎక్కువ ఆర్టెమిసినిన్ కావాలి. ఆర్టెమిసినిన్ కిలో 400 డాలర్లున్నప్పుడు ఒక కోర్సుకు దాని ఖర్చు 20 సెంట్ల పైచిలుకు. కిలో 1,000 డాలర్లకు ఎగబాకితే అదే 50 సెంట్లు దాటుతుంది. పెద్ద టెండర్లలో మొత్తం కోర్సు దొరికేది డాలరుకు అటూ ఇటూగా. దీనికి తోడు దాదాపు మూడు గ్రాముల లూమెఫాంట్రిన్ ఖర్చు ఉండనే ఉంది. అంటే మాత్ర ఖరీదులో పెద్ద వాటా ముడిమందుదే. పొడులు కలిపి, మాత్రలు కొట్టి, బ్లిస్టరు అట్టల్లో పెట్టే పనిలో జీతాలు తక్కువైనంత మాత్రాన మిగిలేది కొద్దిపాటి సొమ్మే. సొంత ఫ్యాక్టరీ పెట్టగానే మందు చవకైపోతుందని చెప్పేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ముడిమందు కథ మరీ చిత్రమైనది. ఆర్టెమిసినిన్ ఒక మొక్క ఆకుల్లోంచి వస్తుంది. పేరు ఆర్టెమిసియా అన్యువా. మన పూలకొట్లలో దండల్లోకి కట్టే దవనానికి అది దగ్గరి చుట్టం. వియత్నాం యుద్ధకాలంలో, 1967లో చైనా ప్రభుత్వం మొదలుపెట్టిన రహస్య పరిశోధనలో పాల్గొన్న తూ యూయూ, వేడి చేస్తే ఈ ఆకు గుణం పోతోందని గుర్తించి, 1971లో తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసి ఫలితం సాధించారు. అందుకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎండుటాకులో ఈ పదార్థం మహా అయితే నూటికి ఒక వంతు. హెక్సేన్ లాంటి ద్రావణిలో ఆకును నానబెట్టి, దాన్ని ఆవిరి చేసి, మిగిలినదాన్ని స్ఫటికాలుగా శుద్ధి చేస్తే, 100 కిలోల ఆకు నుంచి కిలో లోపే చేతికొస్తుంది. విత్తనం వేసిన దగ్గర్నుంచి మాత్ర పెట్టెలోకి చేరేసరికి ఏడాదికి పైనే పడుతుంది. 2004, 2005 ప్రాంతాల్లో దేశాలన్నీ ఒక్కసారిగా జంట మందులకు మారడంతో ఆర్టెమిసినిన్ కిలో 1,000 డాలర్లు దాటింది. చైనా, వియత్నాం, కెన్యా, టాంజానియా, ఉగాండా రైతులు ఆశగా ఈ పంట వేశారు. 2007 నాటికి సరుకు గుట్టలుపడి ధర 200 డాలర్ల దగ్గరికి పడిపోయింది. రైతులు మానేశారు, కొన్నేళ్లకు ధర మళ్లీ లేచింది. మన మిర్చి, పసుపు రైతులకు వివరించి చెప్పక్కర్లేని సంగతి ఇది. ఈ ఊగిసలాటను ఆపాలని కాలిఫోర్నియాలో శాస్త్రవేత్త జే కీస్లింగ్ బృందం గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో ఈస్ట్‌కు కొత్త జన్యువులు చేర్చి ఆర్టెమిసినిక్ ఆమ్లాన్ని తయారుచేయించింది. సనోఫీ కంపెనీ 2013లో ఇటలీలోని గరేసియోలో పెద్దఎత్తున ఉత్పత్తి మొదలుపెట్టింది. అంతలోనే ఆకు నుంచి తీసింది అంతకన్నా చవకైపోయింది. 2016లో ఆ ఫ్యాక్టరీ చేతులు మారింది. పొలంలో రైతు, ప్రయోగశాలలో ఈస్ట్, రెండూ దెబ్బతిన్నది ఒక్క కారణం చేతనే: ఫలానా ధరకు, ఇన్నేళ్లపాటు, ఇంత సరుకు కొంటామన్న మాట ఎవరూ ఇవ్వలేదు.

చవకైన చోట కొనుక్కుంటే సరిపోతుంది, ఎక్కడ తయారైతేనేం అన్న ప్రశ్నకు చరిత్ర ఒక కఠినమైన జవాబు ఇచ్చింది. ఆర్టెమిసినిన్‌కు ముందు మలేరియాకు క్వినైన్ దిక్కు. దక్షిణ అమెరికా సింకోనా చెట్టును డచ్చివాళ్లు జావాలో పెంచి, 1930ల నాటికి ప్రపంచ క్వినైన్‌లో నూటికి 90 వంతులకు పైగా తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. నాణ్యత బాగుంది, సరఫరా సజావుగా ఉంది. 1942 మార్చిలో జపాన్ సైన్యం జావాను ఆక్రమించేసరికి మిగతా ప్రపంచానికి క్వినైన్ ఒక్కసారిగా కరువైంది. నీలగిరుల్లోనూ డార్జిలింగ్ కొండల్లోని మంగ్‌పూలోనూ ఉన్న తోటలు మన దేశ అవసరాలకే ఏ మూలకూ సరిపోయేవి కావు. మన కాలంలో యుద్ధం కూడా అక్కర్లేదని 2020 చూపించింది. కోవిడ్ మొదలైన వారాల్లో భారత ప్రభుత్వం మలేరియా మందుల కుటుంబానికే చెందిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎగుమతిని మొదట పరిమితం చేసి, తరువాత పూర్తిగా ఆపి, మళ్లీ సడలించింది. తన జనం కోసం ఒక ప్రభుత్వం చేసిన పని అది, తప్పు పట్టలేం. అయితే అలాంటి రోజు మళ్లీ వస్తే సముద్రం అవతలి దేశం ఏం చెయ్యాలి? తీవ్ర మలేరియాతో స్పృహ తప్పిన పిల్లలకు ఇచ్చే ఆర్టెసునేట్ ఇంజెక్షన్ సంగతి చూడండి. ఆఫ్రికా పిల్లల్లో క్వినైన్‌తో పోలిస్తే అది మరణాలను 22.5 శాతం తగ్గిస్తుందని 2010లో తేలింది. ఆ ఏడాదే, మందు నాణ్యతను ధ్రువీకరించే ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత ముద్ర చైనాలోని గ్వైలిన్ కంపెనీకి దక్కింది. రెండో కంపెనీకి, మన దేశపు ఇప్కాకు, ఆ ముద్ర దక్కేసరికి 2018 వచ్చింది. అన్నేళ్లు ప్రపంచంలోని పసిపిల్లల ప్రాణాలు ఒకే ఫ్యాక్టరీ మీద ఆధారపడ్డాయి. ఆ ఫ్యాక్టరీ మంచిదే. కానీ ఇంత పెద్ద భారం ఎంత మంచి ఫ్యాక్టరీ మీదైనా ఒక్కదాని మీదే పెట్టకూడదు.

మరి సొంత తయారీ ఎప్పుడు నెగ్గుతుంది? దీనికి నాకు కనిపించే అత్యుత్తమ ఉదాహరణ ఆఫ్రికాలో లేదు, నూట పాతికేళ్ల కిందటి ఇటలీలో ఉంది. అప్పటి ఇటలీ దక్షిణ ప్రాంతం నిరుపేద. పంట కోతలకు వలస వెళ్లే కూలీలు మలేరియాతో ఏటా వేల సంఖ్యలో చనిపోయేవారు. క్వినైన్ ఉంది గానీ దుకాణాల్లో దాని ధర కూలివాళ్లకు అందేది కాదు. పైగా కల్తీ. 1900 డిసెంబరులో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ముడి క్వినైన్‌ను ప్రభుత్వమే టోకున కొంటుంది, ట్యూరిన్‌లోని సైనిక ఔషధశాల మాత్రలు చేస్తుంది, ఊరూరా ఉన్న ప్రభుత్వ లైసెన్సు పొగాకు కొట్లలో నిర్ణీత ధరకు అమ్ముతారు. తరువాతి చట్టాలు కూలీలకు ఉచితంగా అందేలా చూశాయి, ఆ ఖర్చును భూస్వాముల మీద మోపాయి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి మలేరియా మరణాలు మూడో వంతు కంటే తక్కువకు దిగాయి. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఇటలీ గడ్డ మీద సింకోనా చెట్లు లేవు. మూలపదార్థం జావా నుంచే వచ్చేది. ట్యూరిన్‌లో జరిగింది మాత్రలు కొట్టే పనే. అయినా అది పనిచేసింది. ఎందుకంటే కొనేది ప్రభుత్వం, నాణ్యతకు పూచీ ప్రభుత్వానిది, పల్లె చివరి కొట్టు దాకా చేర్చే బాధ్యతా ప్రభుత్వానిదే. ముడిమందు సొంతం కాకపోతే సొంత తయారీ ఉత్త భ్రమ అనేవాళ్లు ట్యూరిన్ ఔషధశాలను లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ మన కళ్లముందే, 2010లో జరిగింది. ఆర్థికవేత్త కెనెత్ ఆరో అధ్యక్షతన 2004లో వచ్చిన ఒక నివేదిక, మలేరియా జంట మందుల ధరను ఫ్యాక్టరీ గేటు దగ్గరే సబ్సిడీతో తగ్గించాలని చెప్పింది. ఆ ఆలోచనతో, పేద దేశాల్లో మలేరియా మందులకు డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ ఘనా, కెన్యా, నైజీరియా, టాంజానియా, ఉగాండా వంటి దేశాల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. మందుల షాపుల వాళ్లు కొనే ధరలో ఎక్కువ భాగం ఫండే నేరుగా తయారీదారుకు చెల్లించింది. రోగుల వైపు నుంచి చూస్తే అది గొప్పగా పనిచేసింది. చాలా చోట్ల ధరలు దిగాయి, మందు మారుమూల కొట్లలో దొరికింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. అయితే సబ్సిడీ దక్కాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్రో, అంతటి కఠినమైన మరో నియంత్రణ సంస్థ ముద్రో ఉండాలి. అప్పటికి ఆ ముద్ర ఉన్నవాళ్లు దాదాపు అందరూ ఆఫ్రికా బయటి కంపెనీలే. నైజీరియాలో, ఘనాలో జంట మందులు చేస్తున్న స్థానిక కంపెనీల పక్కనే, అదే అరలో, వాళ్ల తయారీ ఖర్చు కంటే తక్కువ ధరకు విదేశీ మాత్ర వచ్చి కూర్చుంది. ఎంత సమర్థుడైనా ఆ పోటీలో నిలవలేడు. ఆ నియమం తప్పని నేను అనను, నాసిరకం మందుకు సబ్సిడీ ఇవ్వకూడదు. నా ఫిర్యాదు వేరు. అంత డబ్బు ఖర్చు పెడుతున్నప్పుడు, రెండో మూడో ఏడాదికి అర్హత సాధించగల స్థానిక కంపెనీలను గుర్తించి, సాధించిన రోజు నుంచి ఇంత వాటా మీదని చెప్పి ఉంటే ఇవాళ పరిస్థితి వేరుగా ఉండేది. కొనేవాడు తన బలాన్ని ధర తగ్గించడానికి మాత్రమే వాడాడు, తయారీదారును పెంచడానికి వాడలేదు.

అలా పెంచవచ్చని చూపే రెండు చోట్లు తూర్పు ఆఫ్రికాలోనే ఉన్నాయి. ఉగాండాలో క్వాలిటీ కెమికల్ ఇండస్ట్రీస్ ముంబయి సిప్లాతో చేతులు కలిపి కంపాలా శివారు లుజీరాలో ఫ్యాక్టరీ కట్టింది. ప్రభుత్వం భూమి ఇచ్చింది, కొంటానని మాట కూడా ఇచ్చింది. హెచ్‌ఐవీ మందులూ ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్ మాత్రలూ అక్కడ తయారై, ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత పొంది, ఇరుగుపొరుగు దేశాలకు కూడా వెళ్లాయి. 2023లో సిప్లా తన వాటా అమ్ముకుని తప్పుకున్నా ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. రెండోది కెన్యాలో, నైరోబీ పక్కన కికుయులోని యూనివర్సల్ కార్పొరేషన్. 2022లో ఈ కంపెనీ సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్ మాత్రకు అర్హత సాధించింది. ఆఫ్రికాలో ఆ మందుకు అర్హత పొందిన మొదటి కంపెనీ అది. ఈ ఎంపికలో గొప్ప తెలివి ఉంది. గర్భిణులకు మలేరియా రాకుండా ముందుగా ఇచ్చే మందు ఇది. ఒక మోతాదుకు మూడు మాత్రలు, ఆరోగ్య కార్యకర్త కళ్లముందే మింగేస్తారు. పేటెంటు లేదు, ఆర్టెమిసినిన్ ధరల గోల లేదు. అలాగని తేలికైన మాత్ర కూడా కాదు. పైరిమెథమైన్ నీటిలో సరిగా కరగదు. పొడి రేణువుల సైజు కాస్త పెద్దదైనా, మాత్రను కాస్త గట్టిగా నొక్కినా, పొట్టలో విడిపోకుండా అలాగే బయటికి పోతుంది. పైకి చూస్తే మంచి మాత్రే, లోపల మందు లేనట్టే లెక్క. పాత స్థానిక మాత్రలు పరీక్షల్లో తరచూ తప్పింది ఇక్కడే. మలేరియా మందుల పరిశోధన సంస్థ మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ సాంకేతిక సాయంతో, అంతర్జాతీయ ఆరోగ్య నిధి యూనిట్‌ఎయిడ్ డబ్బుతో ఆ ఒక్క సమస్యను ఏళ్ల తరబడి పట్టుకుని పరిష్కరించారు. ఒక మాత్రతో నేర్చుకున్న క్రమశిక్షణ, రికార్డులు రాసే అలవాటు, తనిఖీకి సిద్ధంగా ఉండే తీరు తరువాతి మాత్రకు పనికొస్తాయి.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. అన్నిటికన్నా బలమైనది ధర. గ్లోబల్ ఫండ్ దగ్గర ఉన్న డబ్బు ఇంతే. స్థానిక మాత్ర నూటికి 15 ఎక్కువైతే, 115 మందికి ఇవ్వాల్సిన మందు 100 మందికే వస్తుంది. మిగతా 15 మంది పిల్లల సంగతేమిటి? ఇది పక్కకు తోసెయ్యదగ్గ ప్రశ్న కాదు. దానికి నా జవాబు ఇది. మొదటగా, ఆ అదనపు ఖర్చు రోగుల వాటాలోంచి తీయకూడదు. రోడ్లకూ కరెంటుకూ ఇచ్చినట్టే పారిశ్రామికాభివృద్ధి నిధుల్లోంచి, అభివృద్ధి బ్యాంకుల రుణాల్లోంచి రావాలి. ఆరోగ్య బడ్జెట్‌కు ఆ భారం వెయ్యడమే తప్పు. రెండో సంగతి, మనం పోలుస్తున్న చవక ధర శాశ్వతం కాదు. 2001లో ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్ కోర్సు పెద్దవాళ్లకు 2.40 డాలర్లు. అది కూడా స్విస్ కంపెనీ నొవార్టిస్ లాభం లేకుండా ఇస్తానన్న ధర. ముంబయి కంపెనీలు బరిలోకి దిగాకే అది నిజంగా పడిపోయింది. తయారీదారుల సంఖ్య పెరిగితే ధర దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. కాబట్టి కొత్త తయారీదారును నిలబెట్టడానికి ఇవాళ పెట్టే ఖర్చు రేపటి ధరకు బీమా లాంటిది. మూడోది, దాతల డబ్బే శాశ్వతం కాదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్క ఉత్తర్వుతో నిలిపేసినప్పుడు ఎన్నో దేశాల మలేరియా కార్యక్రమాలు తడబడ్డాయి. దానం మీద వచ్చే చవక మాత్రను చవక అనడానికి ముందు ఆలోచించాలి.

రెండో అభ్యంతరం నాణ్యత. ఇందులో నిజం చాలా ఉంది, దాచి లాభం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు ఆఫ్రికా దేశాల్లో మలేరియా మందుల నమూనాలు సేకరించి 2011లో ప్రకటించిన ఫలితాల్లో, పూర్తిగా పరీక్షించిన 267 నమూనాల్లో 28.5 శాతం ప్రమాణాలకు తూగలేదు. అర్హత ముద్ర ఉన్న మందుల్లో మాత్రం విఫలమైనవి 4 శాతం లోపే. నాసిరకం, నకిలీ మలేరియా మందుల వల్ల సహారా దిగువ ఆఫ్రికాలో ఏటా లక్షకు పైగా ప్రాణాలు అదనంగా పోతున్నాయని 2017లో ఒక అంచనా వెలువడింది. ఆ చెడ్డ మందుల్లో దిగుమతి అయినవీ ఉన్నాయి, అక్కడే తయారైనవీ ఉన్నాయి. నాణ్యత ఉన్న మందునూ లేని మందునూ వేరు చేసింది తయారైన దేశం కాదు, దాని మీద ఉన్న నిఘా. బలమైన నియంత్రణ సంస్థ లేని దేశంలో ఫ్యాక్టరీ కట్టడం నిస్సందేహంగా ప్రమాదం. కానీ అలాంటి దేశంలో దిగుమతి చేసుకోవడం కూడా అంతే ప్రమాదం. రేవులో దిగిన పెట్టెను పరీక్షించేవాళ్లు లేకపోతే పైన ఏ దేశం పేరుంటే ఏం లాభం? ఈ విషయంలో గత కొన్నేళ్ల మార్పు ఆశ కలిగిస్తోంది. మందుల నియంత్రణ వ్యవస్థ నిలకడగా, సమగ్రంగా పనిచేస్తోందని చెప్పే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే మూడో స్థాయిని ఆఫ్రికాలో మొదట టాంజానియా 2018లో, తరువాత ఘనా 2020లో, నైజీరియా 2022లో అందుకున్నాయి. ఆఫ్రికా దేశాల ఉమ్మడి మందుల సంస్థ ఒప్పందం 2021 నవంబరులో అమల్లోకి వచ్చింది. స్థానిక ఫ్యాక్టరీ ఉన్న దేశానికి తనిఖీదారులను తయారుచేసుకోవడం తప్పనిసరి అవుతుంది. ఎప్పుడూ దిగుమతే చేసుకునే దేశానికి ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతుందో చూసే కన్నే ఏర్పడదు.

ఫ్యాక్టరీలతో పనేముంది, మొక్కను పెరట్లో పెంచుకుని కషాయం తాగితే చాలదా అనేవాళ్లూ ఉన్నారు. పేదల మీద ప్రేమతోనే అంటారు, కానీ ఈ సలహా ప్రమాదకరం. ఆర్టెమిసినిన్ నీటిలో అంతగా కరగదు. మొక్క మొక్కకూ, కోత కోతకూ దాని మోతాదు మారుతుంది. కషాయం తాగిన మనిషికి జ్వరం తగ్గినట్టే అనిపించి, చావని పరాన్నజీవులు మళ్లీ పుంజుకుంటాయి. అదీ ఒంటరి మందుగా, చాలీచాలని మోతాదులో. ఉన్న ఒకే ఒక్క గట్టి మందుకు పరాన్నజీవిని అలవాటు చెయ్యడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సమర్థించకపోవడానికి కంపెనీల ఒత్తిడే కారణమని ప్రచారం జరిగింది. కారణం రసాయనశాస్త్రంలోనే కనిపిస్తోంది.

ఇక ముడిమందు. మాత్రలు కొట్టడం కికుయులో, పొడి మాత్రం భారతదేశం నుంచో చైనా నుంచో. ఇది ఎప్పటికీ ఇలాగే ఉండాలా అన్నదానికి హైదరాబాదు అనుభవం కొంత చెబుతుంది. 1961లో సోవియట్ సహకారంతో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో కృత్రిమ ఔషధాల ఫ్యాక్టరీ పెట్టింది. 1970 నాటి చట్టం మందులకు ఉత్పత్తి పేటెంట్లు లేకుండా చేసి, తయారీ పద్ధతికే పేటెంటును పరిమితం చేసింది. వేరే దారిలో అదే మందు చెయ్యగల రసాయన శాస్త్రవేత్తకు తలుపు తెరుచుకుంది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. అలా వచ్చినవాళ్లు ఇంకా ఎంతోమంది. ఐడీపీఎల్ తాను మాత్రం నష్టాల్లో కూరుకుపోయి ఖాయిలా పడింది. ఫ్యాక్టరీ పోయింది, అది నేర్పిన పని మిగిలింది. ఆ పనే నగరం చుట్టూ బల్క్ డ్రగ్, అంటే ముడిమందుల, పరిశ్రమగా పెరిగింది. ఆర్టెమిసినిన్‌ను ఆర్టెమెథర్‌గా మార్చడం రెండే అంచెల పని. చల్లని ద్రావణిలో సోడియం బోరోహైడ్రైడ్‌తో డైహైడ్రోఆర్టెమిసినిన్ చెయ్యాలి, దాన్ని ఆమ్లం సమక్షంలో మిథనాల్‌తో కలపాలి, వచ్చిన రెండు రూపాల్లోంచి కావలసినదాన్ని స్ఫటికాలుగా వేరు చెయ్యాలి. చెప్పినంత తేలిక కాకపోయినా, నైజీరియాకో కెన్యాకో అసాధ్యమైనది కాదు. మలేరియా మరణాల్లో దాదాపు మూడో వంతు నైజీరియాలోనే. అక్కడి ఎమ్జార్ కంపెనీ యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు రుణంతో మలేరియా ముడిమందు తయారీకే పూనుకుంది. అయితే హైదరాబాదు నుంచి నేర్చుకోవాల్సిన రెండో పాఠం కూడా ఉంది. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చెరువులూ భూగర్భ జలాలూ బల్క్ డ్రగ్ వ్యర్థాలతో పాడైన సంగతి అక్కడి రైతులకు బాగా తెలుసు. చవక ముడిమందు ధరలో కొంత భాగం ఆ ఊళ్ల నీళ్లు చెల్లించాయి. ఆఫ్రికాలో ముడిమందు చెయ్యాలంటే ద్రావణులను తిరిగి పట్టే ఏర్పాటు, వ్యర్థాల శుద్ధి మొదటి రోజు నుంచీ ధరలో కలిసి ఉండాలి. అప్పుడు ధర ఎక్కువే అవుతుంది. ఆ ఎక్కువను కొనేవాళ్లు భరించడమే న్యాయం.

రక్షణ ఇచ్చి పెంచిన పరిశ్రమ ఆ రక్షణకే అలవాటు పడి, ప్రభుత్వాన్ని పీడించే గుత్తసంస్థగా మారుతుందన్న భయం కూడా వినిపిస్తుంది. అలా జరిగిన సందర్భాలు ప్రతి ఖండంలోనూ ఉన్నాయి. దీనికి మందు ఒప్పందంలోనే పెట్టాలి. హామీ ఇన్నేళ్లకే అని గడువు ఉండాలి. అదనపు ధర ఏడాదికేడాదికి తగ్గుతూ పోవాలి. అర్హత ముద్ర పోయిన రోజు కొనుగోలు ఆగిపోవాలి. ఒక దేశపు ఒక కంపెనీకి కాకుండా ఒక ప్రాంతంలోని రెండు మూడు కంపెనీల మధ్య వాటా పంచాలి. ఉగాండా ఒక్కటే కొంటే లుజీరా ఫ్యాక్టరీకి చాలినంత పని ఉండదు. తూర్పు ఆఫ్రికా దేశాలన్నీ ఉమ్మడిగా కొంటే ఉంటుంది. ఇప్పుడు ఒక్కో దేశం తన గడ్డ మీద ఒక్కో చిన్న ఫ్యాక్టరీ కావాలని కోరుకుంటోంది. నా ఉద్దేశంలో సొంత తయారీకి కంపెనీల పోటీ కంటే పెద్ద శత్రువు ఈ కోరికే.

ఈ ఒప్పందాలకు మంచి అదును ఇప్పుడే వచ్చింది. ఆర్టెమిసినిన్‌కు పాక్షికంగా లొంగని పరాన్నజీవులు మొదట కంబోడియాలో కనిపించాయి, 2020 తరువాత రువాండా, ఉగాండా, ఎరిట్రియాల్లోనూ బయటపడ్డాయి. ఉన్న మందు ఎప్పటికీ చాలదు. నొవార్టిస్, మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ కలిసి అభివృద్ధి చేసిన గానాప్లసైడ్-లూమెఫాంట్రిన్ మూడో దశ పరీక్షల ఫలితాలు 2025లో ఆశాజనకంగా వచ్చాయి. అందులో ఆర్టెమిసినిన్ లేదు, రెండో సగం లూమెఫాంట్రిన్ మనకు పాత పరిచయమే. కొత్త మందును పేటెంటు గోడ లేకుండా, ఆఫ్రికాలోనే తయారయ్యేలా తీసుకురావడం ఇంతకుముందు జరిగింది. 2007లో లాభాపేక్ష లేని మందుల పరిశోధన సంస్థ డీఎన్‌డీఐ, సనోఫీ కలిసి తెచ్చిన ఆర్టెసునేట్-అమోడియాక్విన్ జంట మాత్రకు పేటెంటు తీసుకోలేదు. దాన్ని మొరాకోలోని కాసాబ్లాంకాలో తయారుచేశారు. పెద్దవాళ్ల కోర్సు డాలరు లోపు, పిల్లలది అర డాలరు ప్రాంతం. గానాప్లసైడ్ విషయంలోనూ కొనబోయే దేశాలు, గ్లోబల్ ఫండ్ అడగాల్సిన ప్రశ్నలు ఇవే: లైసెన్సు ఏయే ఆఫ్రికా ఫ్యాక్టరీలకు, ఏ ఏడాది నుంచి, తయారీ పద్ధతి నేర్పే ఖర్చు ఎవరిది, మొదటి ఐదేళ్లలో వాళ్ల దగ్గర కొనే వాటా ఎంత. అనుమతులు వచ్చి, ధర ఖాయమై, మొదటి టెండరు ముంబయికో హైదరాబాదుకో వెళ్లిపోయాక ఈ ప్రశ్నలు వేస్తే వినేవాళ్లుండరు.